ప్లేట్‌లెట్లు పడిపోయినా రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

వానాకాలం వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో జ్వరం తగిలిన ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే: "కౌంట్ ఎంతుంది?" పొద్దున 80 వేలు, సాయంత్రానికి 62 వేలు అంటూ బంధువులకు ఫోన్లు వెళ్తాయి. దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు తిరుగుతాయి. ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసం పట్టుకొస్తారు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అనే మాట ఇప్పుడు తెలియనివాళ్ళు లేరు. దాంతోపాటే ఒక లెక్క కూడా జనం మనసులో నాటుకుపోయింది. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారిపోతుంది, కాబట్టి వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కించాలి.

ఈ లెక్క డెంగీలోనే అంతంతమాత్రం. రక్తస్రావం లేనప్పుడు కౌంట్ 10 వేల కిందికి దిగితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించే ఆలోచన చేయాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ జబ్బులో అసలు ప్రమాదం రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. ఇక శరీరం తన ప్లేట్‌లెట్ల మీదికి తనే యాంటీబాడీలను ఉసిగొల్పే జబ్బుల దగ్గరికి వస్తే ఈ లెక్క తలకిందులే అవుతుంది. కౌంట్ 40 వేలున్న ఒకరికి చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే, అదే 40 వేలున్న ఇంకొకరికి కాలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఒకరిని బతికించే చికిత్స ఇంకొకరి ప్రాణం మీదికి తేవచ్చు. ఈ తేడాను కౌంట్ చెప్పదు. యాంటీబాడీ ఎక్కడ అతుక్కుంది, అతుక్కున్నాక ఏం జరిగింది అన్నది తెలిస్తేనే అర్థమవుతుంది.

ప్లేట్‌లెట్ నిజానికి పూర్తి కణం కాదు. ఎముక మూలుగలో మెగాకేరియోసైట్లు అనే భారీ కణాలుంటాయి. వాటి నుంచి ఊడిపడిన తునకలే ప్లేట్‌లెట్లు. వీటికి కేంద్రకం ఉండదు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజుకు సుమారు పదివేల కోట్లు తయారవుతుంటాయి. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటే మామూలుగా ఉన్నట్టు. ప్లేట్‌లెట్ ఉపరితలం మీద ఉండే ప్రోటీన్లలో ఈ కథకు ముఖ్యమైనవి రెండు. జీపీ-1బి అనేది రక్తనాళం గోడ తెగినచోట వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్‌ను పట్టుకుని ప్లేట్‌లెట్‌ను అక్కడ నిలబెడుతుంది. జీపీ-2బి/3ఏ అనేది రక్తంలోని ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ ద్వారా ఒక ప్లేట్‌లెట్‌ను మరోదానితో కలుపుతుంది. ఈ రెండోది ఒక్కో ప్లేట్‌లెట్ మీద దాదాపు 80 వేలు ఉంటుంది.

ఇక యాంటీబాడీ. ఐజీజీ రకం యాంటీబాడీకి రెండు చేతులు, ఒక తోక ఉన్నాయనుకోవచ్చు. చేతులు లక్ష్యాన్ని పట్టుకుంటాయి. తోక మాత్రం ఆ లక్ష్యాన్ని తాకదు. తోకను చదవగల గ్రాహకాలు ఉన్న ఇతర కణాలకు సంకేతం ఇస్తుంది. ఇంగ్లిష్ అక్షరం 'వై' బొమ్మ వేసి పాఠ్యపుస్తకాలు ఎప్పుడూ చేతుల గురించే చెబుతాయి. ప్లేట్‌లెట్ జబ్బుల్లో మాత్రం ఎక్కువ సందర్భాల్లో కథ నడిపేది తోకే.

తన మీదే ప్రయోగం

ఒంటి మీద ఎర్రటి చుక్కలు, ఎక్కడ తగిలిందో తెలియని కమిలిన మచ్చలు, ఆగని నెలసరి, ముక్కు నుంచి రక్తం. జ్వరం లేదు, మరే జబ్బూ లేదు, కౌంట్ మాత్రం 10 వేలో 15 వేలో ఉంటుంది. ఐటీపీ అని పిలిచే ఈ జబ్బుకు కారణం మూలుగ సరిగా తయారుచేయకపోవడమా, తయారైనవి నాశనం కావడమా అన్న వాదన దశాబ్దాలపాటు సాగింది. 1916లో ప్రాగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి, ప్లేట్‌లెట్లను నాశనం చేసేది ప్లీహమేనని (స్ప్లీన్) వాదించి ఒక రోగికి దాన్ని తీయించేలా ఒప్పించాడు. ఆపరేషన్ తర్వాత కౌంట్ ఒక్కసారిగా ఎగబాకింది. అయినా ప్లీహం ఆ పని ఎందుకు చేస్తోందో తెలియలేదు.

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, బార్న్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న విలియం హారింగ్టన్ అనే యువ డాక్టర్ ఈ వాదనను తేల్చడానికి ఐటీపీ రోగి రక్తం అర లీటరు తనకే ఎక్కించుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందుకూ వెళ్ళలేని ఆలోచన అది. కొద్ది గంటల్లోనే కౌంట్ ప్రమాదకర స్థాయికి పడిపోయింది. ఫిట్స్ వచ్చాయి. ఒంటి మీద చుక్కలు, మచ్చలు తేలాయి. నాలుగు రోజులు అలాగే ఉండి, ఐదో రోజుకు ప్లేట్‌లెట్లు తిరిగి పెరగడం మొదలైంది. తర్వాత తోటి డాక్టర్లు కూడా ముందుకొచ్చి రోగుల ప్లాస్మా ఎక్కించుకున్నారు, చాలామందిలో అదే జరిగింది. 1951లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మూలుగ నిక్షేపంగా ఉన్న మనిషికి గంటల్లో కౌంట్ పడిపోయిందంటే, దోషం రోగి రక్తంలో తిరుగుతున్న దేంట్లోనో ఉందన్నమాట. ఐటీపీ ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డల్లోనూ కొన్ని వారాలు కౌంట్ తక్కువగా ఉండటం ఎందుకో కూడా దీంతో తెలిసిపోయింది. ఆ పదార్థం మాయ దాటి బిడ్డకు చేరుతోంది. అది ఐజీజీ యాంటీబాడీ అని 1960లలో నిర్ధారణ అయింది.

అది ప్లేట్‌లెట్ మీద ఎక్కడ అతుక్కుంటుందన్న ప్రశ్నకు జవాబు 1982లో ఒక తెలివైన పరీక్షలో దొరికింది. గ్లాంజ్‌మాన్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళ ప్లేట్‌లెట్ల మీద జీపీ-2బి/3ఏ ఉండదు. మేనరికాల వల్ల మన దక్షిణాదిలోనూ ఈ జబ్బు కనిపిస్తుంటుంది. ఐటీపీ రోగుల నుంచి తీసిన యాంటీబాడీలు మామూలు ప్లేట్‌లెట్లకు అతుక్కున్నాయి, గ్లాంజ్‌మాన్ ప్లేట్‌లెట్లకు మాత్రం చాలావరకు అతుక్కోలేదు. అంటే వాటి లక్ష్యం అక్కడ లేని ఆ ప్రోటీనే. మరికొందరు రోగుల్లో లక్ష్యం జీపీ-1బి అని తర్వాత తేలింది.

అతుక్కున్నంత మాత్రాన ప్లేట్‌లెట్ చచ్చిపోదు. అది రక్తంతోపాటు తిరుగుతూ ప్లీహంలోకి వెళ్తుంది. ఏ సమయంలో చూసినా ఒంట్లోని ప్లేట్‌లెట్లలో మూడో వంతు అక్కడే ఉంటాయి. రక్తం అక్కడ నెమ్మదిగా, ఇరుకు సందుల్లోంచి పారుతుంది. ఆ సందుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు బయటికి పొడుచుకొచ్చిన యాంటీబాడీ తోకను పసిగట్టి, ప్లేట్‌లెట్‌ను పట్టి మింగేస్తాయి. పదిరోజులు బతకాల్సింది గంటల్లో పోతుంది. అంతటితో ఆగదు. మింగిన ప్లేట్‌లెట్ ముక్కలను మాక్రోఫేజ్ రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు చూపిస్తుంది, అవి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలను రెచ్చగొడతాయి, ఇంకా ఎక్కువ యాంటీబాడీలు పుడతాయి. ఐటీపీ కొందరిలో ఏళ్ళ తరబడి వదలకపోవడానికి ఈ చక్రమూ ఒక కారణం.

ఇక్కడే ప్లేట్‌లెట్ బ్యాగుల సంగతి. ఒకే దాత నుంచి యంత్రంతో తీసిన బ్యాగు మామూలుగా కౌంట్‌ను 30 నుంచి 50 వేల దాకా పెంచాలి. ఐటీపీలో దాత ప్లేట్‌లెట్లకు కూడా అవే ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి అవీ అదే దారిన పోతాయి. పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికి కౌంట్ మళ్ళీ మొదటికే రావచ్చు. అందుకే మెదడులోనో పేగుల్లోనో రక్తస్రావం అవుతున్నప్పుడు తప్ప, వేరే మందులతో కలిపి తప్ప, ప్లేట్‌లెట్లు ఎక్కించరు. 'ఇంత తక్కువ కౌంట్ ఉంటే ఎక్కించకుండా చూస్తూ కూర్చున్నారేంటి?' అని బంధువులు డాక్టర్ మీద విరుచుకుపడే సందర్భాల్లో చాలావాటికి జవాబు ఇదే.

ఇంకో వింత కూడా ఉంది. కీమోథెరపీ వల్ల కౌంట్ 15 వేలకు పడిన రోగి కంటే, ఐటీపీ వల్ల 15 వేలున్న రోగికి సాధారణంగా రక్తస్రావం తక్కువ. మూలుగ జోరుగా పనిచేస్తుండటంతో ఉన్న ఆ కొద్ది ప్లేట్‌లెట్లూ కొత్తవి, పెద్దవి, చురుకైనవి. అలాగని అందరికీ ధైర్యం చెప్పలేం. యాంటీబాడీ సరిగ్గా ఫైబ్రినోజన్ పట్టుకునే చోటే కూర్చుంటే, కౌంట్ ఫర్వాలేదనిపించినా ప్లేట్‌లెట్లు పనికిరావు. అలాంటివాళ్ళకు 50 వేల దగ్గర కూడా రక్తం కారుతుంది.

చికిత్సలన్నీ ఈ గొలుసులో ఏదో ఒక కొక్కెం దగ్గర అడ్డుపడేవే. స్టెరాయిడ్లు మాక్రోఫేజ్‌ల ఆకలిని, యాంటీబాడీల తయారీని తగ్గిస్తాయి. పెద్దవాళ్ళలో కౌంట్ 30 వేల కిందికి వచ్చినప్పుడు సాధారణంగా వీటితోనే మొదలుపెడతారు. ఆరు వారాలకు మించి లాగకూడదన్నది ఇప్పటి సలహా. ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, ఎముకలు గుల్లబారేదాకా నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తుండటం విచారకరం. 1981లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ ఇంబాక్ పిల్లలకు దాతల ఇమ్యునోగ్లోబులిన్‌ను సిరలోకి ఎక్కించి కౌంట్ పెరగడం చూపించాడు. వేలమంది దాతల యాంటీబాడీల తోకలతో మాక్రోఫేజ్ గ్రాహకాలు నిండిపోతే, ప్లేట్‌లెట్ మీది తోకను చదివే తీరిక వాటికి ఉండదన్నది ఒక వివరణ. అది పనిచేసే మార్గాలు వేరే కూడా ఉన్నాయి. ప్లీహం తీసేస్తే ముగ్గురిలో దాదాపు ఇద్దరికి దీర్ఘకాలం ఫలితం ఉంటుంది. కాకపోతే ముందుగా న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాలకు టీకాలు వేయించుకోవాలి. పిల్లల సంగతి వేరు. ఏదో వైరల్ జ్వరం తగ్గిన వారం పదిరోజులకు చుక్కలతో వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. పెద్ద రక్తస్రావం లేకపోతే ఏ మందూ ఇవ్వకుండా గమనించడమే చాలాసార్లు సరైన వైద్యం. ఆ మాట తల్లిదండ్రుల చేత ఒప్పించడమే కష్టం.

అందరిలో తోకే కారణం కాదు. జీపీ-1బి మీద అతుక్కునే కొన్ని యాంటీబాడీలు ప్లేట్‌లెట్ పైపూతలోని సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఊడిపోయేలా చేస్తాయి. అలాంటి ప్లేట్‌లెట్‌ను కాలేయం పట్టేస్తుంది. ఇలాంటివాళ్ళకు స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ అంతగా పనిచేయడం లేదని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. మెగాకేరియోసైట్ మీద కూడా అవే ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి యాంటీబాడీలు మూలుగలోనే తయారీని కుంటుపరుస్తాయి కూడా. అంటే నాశనమా, తయారీ లోపమా అన్న పాత వాదనలో ఇద్దరూ కొంత కొంత గెలిచారు.

తయారీని పెంచే మందుల చరిత్రలో చెప్పుకోవాల్సిన ఉదంతం ఒకటుంది. ప్లేట్‌లెట్ల తయారీని నడిపే థ్రాంబోపోయెటిన్ హార్మోన్‌ను 1994లో గుర్తించారు. దాన్ని పోలిన కృత్రిమ ప్రోటీన్‌ను ఇంజెక్షన్‌గా ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇచ్చి చూశారు. కొందరిలో శరీరం దానికి యాంటీబాడీలు తయారుచేసింది, అవి వెళ్ళి సొంత హార్మోన్‌ను కూడా పట్టుకున్నాయి. కౌంట్ పెంచే మందే కౌంట్‌ను కూల్చేసింది. 1990ల చివర్లో ఆ మందును వదిలేశారు. 2008లో అమెరికాలో అనుమతి పొందిన రోమిప్లోస్టిమ్, ఎల్ట్రాంబోపాగ్ అదే గ్రాహకాన్ని తట్టి లేపుతాయి గానీ, నిర్మాణంలో హార్మోన్‌ను పోలి ఉండకుండా జాగ్రత్తపడి తయారుచేసినవి. ఎల్ట్రాంబోపాగ్ మాత్రలు మన దగ్గరా దొరుకుతున్నాయి. వీటిని పాలు, పెరుగు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టవు. పెరుగన్నం తిన్నాక కనీసం నాలుగు గంటలు ఆగాలి, లేదా మాత్ర వేసుకున్నాక రెండు గంటల దాకా పెరుగు ముట్టకూడదు. ఈ ఒక్క సంగతి చెప్పకపోవడం వల్లే 'మందు పనిచేయలేదు' అనిపించుకునే కేసులు ఉంటాయి.

గొట్టంలో మాత్రమే ఉండే జబ్బు

ప్లేట్‌లెట్లను పట్టుకునే యాంటీబాడీల్లో బొత్తిగా హాని చేయనిదీ ఒకటుంది. కౌంట్ కోసం తీసే రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోస్తారు. అందులో గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది కాల్షియాన్ని లాగేయడంతో జీపీ-2బి/3ఏ ఆకారం మారి, మామూలుగా కనిపించని ఒక భాగం బయటపడుతుంది. కొందరిలో ఆ భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. గొట్టంలో ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుపోతాయి, యంత్రం వాటిని లెక్కించలేక 25 వేలో 30 వేలో అని చూపిస్తుంది. మనిషికి ఏమీ ఉండదు. నీలి మూత ఉన్న సిట్రేట్ గొట్టంలో మళ్ళీ రక్తం తీసినా, స్లైడు మీద రక్తపు చుక్కను పరిచి మైక్రోస్కోపు కింద చూసినా ఐదు నిమిషాల్లో గుట్టు తెలిసిపోతుంది. చూడకపోతే ఆ మనిషికి స్టెరాయిడ్లు మొదలవుతాయి, చేయాల్సిన ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేని మనిషికి కౌంట్ 25 వేలని రిపోర్టు వస్తే ముందు స్మియర్ చూడమని అడగడం తప్పేమీ కాదు.

తోకను ప్లేట్‌లెటే చదివినప్పుడు

గుండె ఆపరేషన్ అయినవాళ్ళకు, ఐసీయూలో మంచం పట్టినవాళ్ళకు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. కొద్దిమందిలో, మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడిపోతాయి. చూసేవాళ్ళకు సహజంగా తోచేది రక్తస్రావం భయం. కానీ ఈ రోగుల్లో సుమారు సగం మందికి జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో, ఒక్కోసారి మెదడుకో కాలికో వెళ్ళే ధమనిలో గడ్డలు. రక్తం గడ్డకట్టకూడదని ఇచ్చిన మందే గడ్డ కట్టించింది. హెచ్‌ఐటీ అని పిలిచే ఈ జబ్బును 1950ల చివర్లోనే సర్జన్లు గమనించారు గానీ, యాంటీబాడీ పట్టుకునేది దేన్నో 1992 దాకా తెలియలేదు.

ప్లేట్‌లెట్ తన లోపలి రేణువుల్లో పీఎఫ్4 అనే చిన్న ప్రోటీన్‌ను దాచుకుంటుంది. అది బలమైన ధనావేశం ఉన్నది. హెపారిన్ ఋణావేశం ఉన్న పొడవాటి గొలుసు. రెండూ ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గుంపులుగా మారితే, రోగనిరోధక వ్యవస్థకు అదేదో కొత్త పదార్థంలా కనిపిస్తుంది. దాని మీద ఐజీజీ యాంటీబాడీలు పుడతాయి. చేతులు ఆ గుంపును పట్టుకుంటాయి, తోకలు బయటికి ఉంటాయి. ఐటీపీలో ఆ తోకను చదివింది ప్లీహంలోని మాక్రోఫేజ్. ఇక్కడ చదివేది పక్కనున్న ప్లేట్‌లెట్ స్వయంగా. మనిషి ప్లేట్‌లెట్ మీద ఎఫ్‌సీ-గామా-2ఏ అనే గ్రాహకం ఉంది. అది తోకలను ఒక్కసారిగా పట్టుకోగానే ప్లేట్‌లెట్ ఉద్రేకపడి, తన రేణువులన్నీ వదిలేస్తుంది. వాటిలో మళ్ళీ పీఎఫ్4 ఉంటుంది. మరిన్ని గుంపులు, మరిన్ని తోకలు, మరింత ఉద్రేకం. కౌంట్ తగ్గింది ప్లేట్‌లెట్లను ఎవరో మింగినందుకు మాత్రమే కాదు, అవి గడ్డల్లో ఖర్చయిపోతున్నందుకు. ఎలుకల ప్లేట్‌లెట్ల మీద ఈ గ్రాహకం ఉండదు. ఈ జబ్బును ప్రయోగశాలలో అధ్యయనం చేయడానికి మనిషి జన్యువు పెట్టిన ఎలుకలను తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి రోగికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే, ఆ మంటలకు మరింత సరుకు అందించినట్టే. హెపారిన్ పూర్తిగా ఆపాలి. సిరలో పెట్టిన సూది మూసుకుపోకుండా నర్సు వేసే కొద్దిపాటి హెపారిన్ కూడా ఆపాలి. కేసు షీటులో మందు కొట్టేసినా మర్చిపోయేది ఇదే. హెపారిన్ ఆపితే చాలదు. గడ్డలను ఆపడానికి ఆర్గట్రోబాన్ లాంటి వేరే మందు మొదలుపెట్టాలి. కౌంట్ కోలుకోకముందే, గడ్డకట్టకుండా వాడే మాత్ర వార్ఫరిన్ ఇస్తే కాలివేళ్ళు నల్లబడి కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్లు 50 వేలున్న రోగికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వడం ఎవరికైనా పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఇక్కడ అదే బతికిస్తుంది.

2021 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా వేసుకున్న 5 నుంచి 30 రోజుల్లో కొందరికి మెదడు సిరల్లో గడ్డలు, దాంతోపాటు ప్లేట్‌లెట్లు పడిపోవడం కనిపించాయి. జర్మనీ, నార్వే, బ్రిటన్ డాక్టర్లు వేరువేరుగా పరీక్షించి ఒకే జవాబు చెప్పారు. హెపారిన్ ఒక్క చుక్క తీసుకోకపోయినా వీళ్ళ రక్తంలో పీఎఫ్4 మీద బలమైన యాంటీబాడీలున్నాయి. అవి పీఎఫ్4 మీద పట్టుకునేది సరిగ్గా హెపారిన్ కూర్చునే చోటునే అని తర్వాత తేలింది. అంటే హెపారిన్ చేసే పనిని యాంటీబాడీయే చేసేస్తోంది. చికిత్సలో ఎక్కువ మోతాదు ఇమ్యునోగ్లోబులిన్ పనికొచ్చింది. దాతల తోకలతో ప్లేట్‌లెట్ల గ్రాహకాలు నిండిపోవడమే దానికి ఒక కారణం.

అదే టీకా పుణేలో తయారై కోవిషీల్డ్ పేరుతో మన దగ్గర కోట్లమందికి వేశారు. 2021 మేలో దేశ స్థాయి నిపుణుల కమిటీ 26 అనుమానిత కేసులను గుర్తించి, పది లక్షల డోసులకు 0.61 అని లెక్క చెప్పింది. బ్రిటన్, జర్మనీల లెక్కలు ఇంతకంటే ఎక్కువ. ఆ రెండో వేవ్ గందరగోళంలో మన దగ్గర నమోదు కాకుండా పోయినవి ఉండవనుకోవడం అమాయకత్వమే. అయినా మూడేళ్ళ తర్వాత, 2024 వేసవిలో, టీకాతో అరుదుగా ఇలా జరగొచ్చని ఆస్ట్రాజెనెకా ఒప్పుకున్న బ్రిటన్ కోర్టు పత్రాల వార్త రాగానే తెలుగు యూట్యూబ్ చానళ్ళలో రేగిన భయానికి ఆధారం లేదు. ఈ యాంటీబాడీలు పుట్టేది టీకా వేసిన కొన్ని వారాల్లోనే. 2021లో టీకా వేసుకుని 2024లో గుండెపోటు వచ్చినవాళ్ళకు దీంతో ముడిపెట్టడానికి యాంటీబాడీ శాస్త్రంలో దారి లేదు.

గర్భాలు నిలవని ఇంట్లో

1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ బృందం వర్ణించిన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌ను మన డాక్టర్లు క్లుప్తంగా ఏపీఎస్ అంటారు. ఇది ఎక్కువగా బయటపడేది గైనకాలజిస్టు దగ్గర. మూడో నెల దాటాక గుండె చప్పుడు ఆగిపోయిన గర్భాలు, చిన్న వయసులోనే పక్షవాతం, కాలి సిరలో గడ్డ. గర్భిణికి మామూలుగా చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష సిఫిలిస్ లేకుండానే పాజిటివ్‌గా వస్తుంది. ఆ పరీక్షలో వాడే కార్డియోలిపిన్ అనే కొవ్వునే ఈ యాంటీబాడీలు పట్టుకోవడం దానికి కారణం. సంగతి తెలియని ఇళ్ళలో దీని మీద పెద్ద గొడవలే జరుగుతాయి.

ఇక్కడ యాంటీబాడీల అసలు లక్ష్యం రక్తంలో మామూలుగా తిరిగే బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్. యాంటీబాడీ రెండు చేతులతో రెండు ప్రోటీన్లను పట్టుకుని జంటగా కట్టేస్తుంది. ఆ జంట ప్లేట్‌లెట్ మీది జీపీ-1బికి, మరో గ్రాహకానికి గట్టిగా అతుక్కుని దాన్ని సగం ఉద్రేకపరుస్తుంది. రక్తనాళాల లోపలి పొర మీద, మోనోసైట్లు అనే తెల్లకణాల మీద కూడా ఇలాగే పనిచేస్తుంది. ఆ తర్వాత ఒక ఇన్‌ఫెక్షనో, ఆపరేషనో, ప్రసవమో, గర్భనిరోధక మాత్రలో తోడైతే గడ్డ కడుతుంది. కౌంట్ కొద్దిగా తగ్గి 90 వేలో లక్షో ఉండటం చాలామందిలో కనిపిస్తుంది, రక్తస్రావం మాత్రం అరుదు. పరీక్ష గొట్టంలో ఇంకో తిరకాసు. గడ్డకట్టే రసాయన చర్యకు కావలసిన ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును యాంటీబాడీలు ఆక్రమించడంతో, ఏపీటీటీ అనే పరీక్షలో గడ్డకట్టే సమయం పెరిగి కనిపిస్తుంది. రిపోర్టు చూస్తే రక్తం కారే మనిషి అనిపిస్తుంది, ఒంట్లో మాత్రం గడ్డలు కడుతుంటాయి.

ఇన్‌ఫెక్షన్ల తర్వాత ఈ యాంటీబాడీలు కొన్నాళ్ళు కనిపించి పోతుంటాయి కాబట్టి, 12 వారాల తర్వాత మళ్ళీ పాజిటివ్ వస్తేనే జబ్బుగా లెక్కిస్తారు. ఒక్క రిపోర్టు పట్టుకుని జీవితాంతం మందులు రాసే పద్ధతి సరైంది కాదు. గర్భం దాల్చినప్పుడు చిన్న మోతాదు ఆస్పిరిన్‌తోపాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. 1997లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 42 శాతం మందికి బిడ్డ దక్కితే, రెండూ వాడినవాళ్ళలో 71 శాతం మందికి దక్కింది. గడ్డలు కట్టిన చరిత్ర ఉండి ఈ యాంటీబాడీల కోసం చేసే మూడు రకాల పరీక్షలూ పాజిటివ్ అయినవాళ్ళకు పాతకాలపు వార్ఫరినే మంచిది. రక్తం గడ్డకట్టే సమయాన్ని తరచూ కొలిచే ఐఎన్‌ఆర్ పరీక్షల గొడవ లేదని కొత్త మాత్ర రివరోక్సాబాన్ ఇచ్చి చూసిన ఇటలీ పరిశోధన, గడ్డలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆగిపోయింది.

ప్లేట్‌లెట్‌ను ముట్టని యాంటీబాడీ

చివరిది టీటీపీ. అరుదు, కానీ వీటన్నిటిలో వేగంగా చంపేది. ఇందులో యాంటీబాడీ ప్లేట్‌లెట్‌ను అసలు తాకదు. వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ పుట్టినప్పుడు చాలా పొడుగ్గా ఉంటుంది. ఆడమ్స్‌-13 అనే ఎంజైమ్ దాన్ని కత్తిరించి తగిన పొడవుకు తెస్తుంది. యాంటీబాడీలు ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వకపోతే, కత్తిరింపు లేని పొడవాటి తీగలకు ప్లేట్‌లెట్లు జీపీ-1బితో వేలాడుతూ చిన్న చిన్న రక్తనాళాలను మూసేస్తాయి. మెదడు, గుండె, మూత్రపిండాలకు రక్తం అందదు. ఆ ఇరుకులోంచి దూరే ఎర్రకణాలు చీలికలవుతాయి. 1924లో న్యూయార్క్‌లో ఎలీ మోష్‌కోవిట్జ్ మొదటిసారి వర్ణించిన రోగి 16 ఏళ్ళ అమ్మాయి. జబ్బుపడిన రెండు వారాల్లోపే ఆమె చనిపోయింది. వైద్యం లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దక్కరు.

రోగి ప్లాస్మాను తీసేసి దాతల ప్లాస్మా ఎక్కించడం వల్ల యాంటీబాడీలు పోతాయి, కొత్త ఎంజైమ్ వస్తుంది. 1991లో కెనడా పరిశోధన దీని విలువను నిరూపించాక ఎక్కువమంది బతుకుతున్నారు. ఆడమ్స్‌-13 పరీక్ష చేసే ల్యాబులు మన దగ్గర కొద్ది, రిపోర్టుకు రోజులు పడుతుంది. అంతదాకా ఆగితే మనిషి మిగలడు. కౌంట్ 30 వేల లోపు, స్మియర్‌లో చీలిన ఎర్రకణాలు, కణాలు చితికితే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ బాగా పెరగడం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2 దాటకపోవడం, ఐఎన్‌ఆర్ మామూలుగా ఉండటం, క్యాన్సర్ లాంటి వేరే కారణం కనిపించకపోవడం. ఇవి కలిస్తే పరీక్షకు రక్తం తీసి పంపి, అదే రోజు ప్లాస్మా మార్పిడి మొదలుపెడతారు. రక్తం తీయడం మార్పిడికి ముందే జరగాలి. తర్వాత తీస్తే దాతల ఎంజైమ్ కలిసి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. మార్పిడి చేసే యంత్రం లేని ఊళ్ళో ఉంటే, పెద్దాసుపత్రికి తరలించేలోగా స్టెరాయిడ్లు ఇచ్చి, మామూలు ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా ఎక్కిస్తారు. అందులోనూ ఆ ఎంజైమ్ కొంత ఉంటుంది.